నేతి బీరకాయలో నేయి

నేతి బీరకాయలో నేయి ఎంత ఉంటుందో తెలుగునాట ప్రతి గృహిణికీ తెలుసు. సంతలో దానిని అమ్మే రైతుకూ తెలుసు. కాయను కోసి చూస్తే నేయి లేదని కొన్నవారు దావా వేసినట్లు వినరాదు. నేతి పాలునుబట్టి దానిపై పన్ను విధించవలెనని ఏ అధికారికీ తోచినట్లు లేదు. పేరు వేరు, వస్తువు వేరు అనే సంగతిని ఆ కాయ తరతరాలుగా పిల్లలకు ఖర్చు లేకుండా బోధిస్తూ వచ్చినది. అయితే ఇటీవలి సంవత్సరాల వార్తాపత్రికలు తిరగవేసినవారికి ఒక అనుమానం కలుగక మానదు. ఆ బీరకాయ ఇంతకాలం కేవలం అదృష్టంకొద్దీ తప్పించుకొని తిరుగుతున్నదేమో!

పూర్వం పత్రికలలో వంటకాలకు ఒక పుట, సినిమాలకు ఒక పుట, కోర్టు తీర్పులకు ఒక పుట ఉండేవి. ఎవరికి కావలసినది వారు చదువుకొని, మిగిలినది పక్కవారికి ఇచ్చేవారు. ఇప్పుడా సరిహద్దులు చెరిగిపోయినవి. పరోటా పన్నుల అధికారుల ఎదుట నిలుచున్నది. మొక్కజొన్న పేలాలు ఆర్థికమంత్రుల సభలో చర్చకు వచ్చినవి. కొబ్బరినూనె సర్వోన్నత న్యాయస్థానం దాకా నడిచినది. ఒక చలనచిత్ర కథానాయిక తన పేరు తనకు దక్కడంకోసం హైకోర్టు మెట్లు ఎక్కవలసివచ్చినది. వీరందరినీ అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: “నీ పేరేమి?” బడిలో చేరిన మొదటిరోజున ఉపాధ్యాయుడు పిల్లవాడిని అడిగేది కూడా ఆ ప్రశ్నయే. పిల్లవాడు ఒక్క మాటతో జవాబు చెప్పి కూర్చుంటాడు. పరోటాకు అయిదేండ్లు పట్టినది.

ఆ కథ ఇది. 2020లో కర్ణాటక రాష్ట్రంలో ఒక ఆహారసంస్థ, తాను పొట్లాలలో అమ్మే పరోటా కూడా రొట్టెజాతిదే గనుక, దానికి రొట్టెతోపాటు నూటికి 5 చొప్పున వస్తు సేవల పన్ను కడతానని ముందస్తు నిర్ణయాలు చెప్పే అధికారులకు విన్నవించుకున్నది. అధికారులు పట్టిక తెరిచి చూచినారు. అందులో ఖాఖ్రా ఉన్నది, సాదా చపాతీ ఉన్నది, రొట్టె ఉన్నది. పరోటా పేరు లేదు. పైగా రొట్టె చేతికి వచ్చిన వెంటనే తినదగినది. పొట్లంలోని పరోటాను పెనంమీద మరల కాల్చవలెను. కనుక పరోటా రొట్టె కాదనీ, నూటికి 18 కట్టవలసినదేననీ తేల్చినారు. పొయ్యిమీద ఒక్క నిమిషం ఉండడంవల్ల ఒక వస్తువు కులం మారుతుందని వంటయింట్లో ఎవరూ ఎన్నడూ అనుకొని ఉండరు.

తార్కికులకు ఈ చిక్కు కొత్తది కాదు. ఒక వస్తువుకు లక్షణం చెప్పేటప్పుడు మూడు దోషాలు తగలవచ్చునని పూర్వులు హెచ్చరించినారు. కొమ్ములు గలది ఆవు అంటే గేదె కూడా ఆవుగా చలామణి అవుతుంది, ఇది అతివ్యాప్తి. కపిలవర్ణం గలదే ఆవు అంటే తెల్లావూ నల్లావూ కొట్టం బయట నిలుచుంటవి, ఇది అవ్యాప్తి. ఒంటిగిట్ట గలది ఆవు అంటే లోకంలో ఒక్క ఆవూ మిగలదు, ఇది అసంభవం. పరోటాను వాకిట నిలిపినది అవ్యాప్తి దోషం. దానికి 2024లో కేరళ హైకోర్టు కొంత చికిత్స చేసినది. పిండి ఒకటే, చేసే తీరు ఒకటే, తినే నోరు ఒకటే అయినప్పుడు మలబారు పరోటాకు వేరే రేటు ఎందుకని, నూటికి 5 చాలునన్నది. తుదకు 2025 సెప్టెంబరు 22 నుండి చపాతీ, రొట్టె, పరోటా మున్నగు భారతీయ రొట్టెలన్నిటికీ, వాటిని ఏ పేరుతో పిలిచినా సరే, పన్ను తీసివేసినారు. ఏ పేరుతో పిలిచినా అనే ఆ మాట అయిదేండ్ల క్రితమే తోచి ఉంటే ఎంతో కాగితం మిగిలి ఉండేది.

ఇది భారతదేశానికే పట్టిన జాడ్యం అనుకొంటే పొరపాటు. అమెరికా సుప్రీంకోర్టు 1893లో టమాటా పండా, కాయగూరా అనే వ్యాజ్యం విన్నది. వృక్షశాస్త్రం ప్రకారం అది పండు. అయితే పన్ను కాయగూరలకు ఉన్నది, పండ్లకు లేదు. జనం దానిని భోజనంలో కూరగా తింటారే గాని చివర ఫలహారంగా తినరు గనుక, వాడుకలో అది కాయగూరయేనని న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. ఇంగ్లండులో 1991లో జాఫా కేకు అనే తినుబండారం కేకా, బిస్కత్తా అని తగవు నడిచినది. చాకొలేటు పూసిన బిస్కత్తుకు పన్ను ఉన్నది, కేకుకు లేదు. నిలువ ఉంచితే బిస్కత్తు మెత్తబడుతుంది, కేకు గట్టిపడుతుంది. ఇది గట్టిపడుతున్నది గనుక కేకే అన్న వాదం నెగ్గినవాటిలో ఒకటి. వైజ్ఞానిక దృష్టితో చూస్తే ఈ రెండు తీర్పులలోనూ ఒక సుగుణం కనిపిస్తుంది. న్యాయమూర్తులు నిఘంటువును పక్కకు పెట్టి, జనం పళ్లెంలోకి తొంగిచూచినారు.

కొబ్బరినూనె విషయంలో కూడా చివరకు జరిగినది ఇదే. ఈ నూనెను కేరళలో వంటకు వాడుతారు. తెలుగునాట ఎక్కువగా తలకు రాస్తారు. అప్పట్లో వంటనూనెకు పన్ను తక్కువగా, కేశతైలానికి ఎక్కువగా ఉండేది. మరి చిన్న సీసాలో అమ్మే శుద్ధమైన కొబ్బరినూనె ఏ వర్గానిది? చిన్న సీసా కొనేది తలకే గాని కూరకు కాదు అని పన్నులశాఖ వాదం. అంటే డబ్బా పెద్దదైతే నోటికి, సీసా చిన్నదైతే తలకు! పేదవాడు కూరకు కావలసిన నూనె చిన్న సీసాలోనే కొంటాడన్న సంగతి ఆ వాదంలో ఇమడలేదు. 2018లో సర్వోన్నత న్యాయస్థానంలో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా తీర్పు చెప్పినారు. 2024 డిసెంబరు 18న ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుండి, పరిమాణం చూచి పేరు నిర్ణయించరాదన్నారు. ఆహారపదార్థంగా ముద్ర వేసి అమ్మితే అది వంటనూనె; కేశతైలమని ముద్ర వేసి అమ్మితే కేశతైలం. అమ్మేవాడు సీసాపై ఏమి చెప్పినాడో ఆ మాటకు కట్టుబడవలెనన్నమాట. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసి ఉన్నది.

ఆ తీర్పు వచ్చిన మూడవనాడే, అంటే 2024 డిసెంబరు 21న, జైసల్మేరులో వస్తు సేవల పన్ను మండలి సమావేశమైనది. అక్కడ పాప్‌కార్న్ అని పిలువబడే మొక్కజొన్న పేలాల స్వరూపాన్ని వివరించినారు. ఉప్పు, మసాలా కలిపి విడిగా అమ్మితే నూటికి 5. అదే పొట్లం కట్టి ముద్ర వేస్తే 12. చక్కెర పాకం పట్టిస్తే మిఠాయి అవుతుంది గనుక 18. దేశమంతా నవ్వుకున్నది. అయితే అసలు రుచి తరువాత వచ్చిన వివరణలో ఉన్నది. సినిమా హాలులో విడిగా అమ్మే పేలాలు వస్తువు క్రిందికి రావు; అవి ఉపాహారశాలవారు చేసే సేవ. అవే పేలాలను టిక్కెట్టుతో జతచేసి అమ్మితే, ప్రధానమైనది టిక్కెట్టు గనుక, పేలాలకు కూడా టిక్కెట్టు రేటే వర్తిస్తుంది. ఒక్క గింజ వేగి పేలినంతమాత్రాన ఆహారమై, మిఠాయియై, సేవయై, తుదకు సినిమా కూడా అయినది. ఇన్ని అవతారాలు ఎత్తిన ధాన్యం మరొకటి లేదు. 2025 సెప్టెంబరులో రేట్లు సవరించినప్పుడు ఉప్పు పేలాలకు విడి, పొట్లం అనే భేదం పోయినది గనుక, అవతారాలలో ఒకటి తగ్గినదని సంతోషించవచ్చును.

పేలాలు హాలులోనికి చేరినవి గనుక కథ కూడా అక్కడికే పోవలసి ఉన్నది. వెనుకటి రోజులలో నేల టిక్కెట్టు కొన్న కుటుంబం జంతికలో, వేరుసెనగకాయలో మూటగట్టుకొని వెళ్లేది. విరామంలో ఆ మూట విప్పితే పక్కవారి పిల్లలకు కూడా నాలుగు దక్కేవి. ఇప్పటి హాళ్లలో గుమ్మంవద్దనే సంచులు సోదా చేస్తారు. బయటి తిండిని అడ్డుకోరాదని జమ్మూ కాశ్మీరు హైకోర్టు 2018లో ఆదేశించినది. 2023 జనవరి 3న సర్వోన్నత న్యాయస్థానం ఆ ఆదేశాన్ని కొట్టివేసినది. సినిమా హాలు యజమాని సొంత ఆస్తి, లోపలికి ఏమి రావచ్చునో నిర్ణయించే హక్కు అతనిదే అన్నది. ఎవరైనా జిలేబీ తెచ్చుకొని, జిగట వ్రేళ్లను కుర్చీకి తుడిస్తే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదని విచారణలో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ప్రశ్నించినారు. మంచినీరు మాత్రం ఉచితంగా ఇవ్వవలెను. పసిపిల్లల ఆహారాన్ని తల్లిదండ్రులు తెచ్చుకోవచ్చును.

ఆస్తి అనే పేరు నిశ్చయమైన తరువాత తక్కిన తర్కమంతా దోషంలేకుండా నడిచినది. అయితే జిలేబీ వంకతో జంతికల మూటను గుమ్మంలో ఆపినప్పుడు, లోపల పేలాల ధర ఎంత ఉండవచ్చునన్న ప్రశ్న మిగిలిపోయినది. యజమాని హక్కు ఎంతవరకో న్యాయస్థానం చెప్పినది. నలుగురు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన గుమాస్తా జేబు ఎంతవరకో ఎవరూ చెప్పలేదు. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం టిక్కెట్టు ధర 200 రూపాయలకు మించరాదని నిబంధన తెచ్చినది. ఆ నెలలోనే అక్కడి హైకోర్టు దాని అమలును ఆపినది. ఆ తగవు నవంబరులో ఢిల్లీ చేరినప్పుడు సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తులే నీళ్ల సీసాకు 100, కాఫీకి 700 తీసుకొంటే హాళ్లు ఖాళీ అవుతవని హెచ్చరించినారు. న్యాయమూర్తుల నోట కాఫీ ధర విని ఎందరో గృహస్థులు తమ గోడు ఢిల్లీదాకా వినిపించినదని ఊరట చెందివుంటారు. అయితే అది తీర్పు కాదు, విచారణలో వచ్చిన మాట మాత్రమే. కాఫీ ధర మాటలతో దిగదు.

ఇక తెరమీది పేరు. 2025లో మలయాళంలో ఒక చిత్రం తయారైనది. అందులో అత్యాచారానికి గురియై న్యాయంకోసం పోరాడే యువతి పేరు జానకి. చిత్రానికి కూడా ఆమె పేరు, కేరళ రాష్ట్రం పేరు కలిపి, వ్యాజ్యానికి పెట్టినట్లు పెట్టినారు. జానకి అనగా సీతాదేవి గనుక, అట్టి దుర్దశ పొందిన పాత్రకు ఆ పేరు తగదని చలనచిత్ర ధ్రువీకరణ మండలి అభ్యంతరం చెప్పినది. నిర్మాతలు కేరళ హైకోర్టుకు పోయినారు. ఈ దేశంలో ఏదో ఒక దేవుని పేరు కాని పేరు దొరకడం కష్టమని న్యాయమూర్తి అభిప్రాయపడినారు. చిత్రాన్ని స్వయంగా చూచినారు కూడా. తుదకు జులై నెలలో రాజీ కుదిరినది. చిత్రం పేరులో జానకి తరువాత ఆమె ఇంటిపేరు మొదటి అక్షరం ‘వి’ చేర్చినారు. కోర్టులో ఆమెను ప్రశ్నించే ఘట్టంలో రెండుచోట్ల ఆ పేరు వినబడకుండా చేసినారు. జులై 17న చిత్రం విడుదలైనది.

హాజరుపట్టీ పట్టుకొని కూర్చున్న ఉపాధ్యాయులకు ఈ ఉపాయం చిరపరిచితం. తరగతిలో ఇద్దరు జానకులు ఉంటే ఒకతెను ‘పి. జానకి’ అనీ, రెండవ అమ్మాయిని ‘వి. జానకి’ అనీ పిలువక తప్పదు. ఉపాధ్యాయుడు ఇద్దరు పిల్లలను వేరుచేయడానికి ఒక అక్షరం వాడుతాడు. మండలివారు ఒక పిల్లను దేవతనుండి వేరుచేయడానికి అదే అక్షరం వాడినారు. అమ్మాయికి జానకి అని పేరుపెట్టే తల్లిదండ్రులు ఆమెకు కష్టాలు రావని హామీ పుచ్చుకొని పెట్టరు. రామాయణంలోని జానకి కష్టాలు పడలేదా? అపవాదుకు గురియై, నలుగురి ఎదుట పరీక్షకు నిలువలేదా? ఆ ఇతివృత్తం విని శతాబ్దాలుగా కంటతడి పెట్టిన ప్రజలకు, తెరమీద మరొక జానకి న్యాయం అడిగితే మనసు నొచ్చుతుందని భయపడడం వింతయే. న్యాయం కోరి వచ్చిన స్త్రీ పేరు సరిగా న్యాయస్థానపు దృశ్యంలోనే వినబడకుండా పోవడం నవ్వు తెప్పించే విషయం కాదు.

పేరు విషయంలో ఇంతకంటె గంభీరమైన వార్త ఒకటి హైదరాబాదునుండి వచ్చినది. ఓ.ఆర్.ఎస్. అనే మూడక్షరాలు విద్యార్థులకు తెలియనివి కావు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు పట్టే లవణ ద్రావణం అది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, నరాలలోనికి ఎక్కించే ద్రవం చాలకపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బన్‌గావ్‌లో ఈ ద్రావణాన్ని పీపాలలో పోయించి నోటిద్వారా త్రాగించినారు. నూటికి 30 వరకు ఉండిన మరణాలు 4 లోపునకు దిగినవి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించినారు.

ఆ ద్రావణం మహిమ అంతా కొలతలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పొటాషియం, సిట్రేటు లవణాలు. గ్లూకోజు తోడుంటే ఉప్పులోని సోడియంను పేగు త్వరగా పీల్చుకొంటుంది. దాని వెంట నీరు శరీరంలోనికి పోతుంది. చక్కెర హద్దు మీరినదా, శరీరంలోని నీరే తిరిగి పేగులోనికి దిగి విరేచనాలు హెచ్చుతవి. అయినను పండ్ల రుచులతో, కొలతకు మించిన చక్కెరతో తయారైన పానీయాలు పేరులో ఆ మూడక్షరాలు తగిలించుకొని మందులషాపుల్లో అమ్ముడుపోయినవి. బిడ్డను భుజాన వేసుకొని అర్ధరాత్రి షాపుకు పరుగెత్తిన తల్లి కంటికి ఆనేవి ఆ మూడక్షరాలే. మూలన సన్నటి అక్షరాలలో, ఇది ఆ ద్రావణం కాదని అచ్చువేసిన మాట ఆమెకు కనిపించదు.

హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సుమారు ఎనిమిది సంవత్సరాలు పోరాడినారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేసినారు. ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడరాదన్నది; జులైలో, హెచ్చరిక అచ్చువేస్తే వాడుకోవచ్చునన్నది. తుదకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దుచేసి, సరియైన ద్రావణం కాని ఏ పానీయం పేరులోనూ ముందుగాని వెనుకగాని ఆ అక్షరాలు ఉండరాదని శాసించినది. ఈ నిషేధాన్ని కాదనడానికి ఢిల్లీ హైకోర్టు అదే నెల చివర నిరాకరించినది. పేరులో ఒక ముక్క తీసివేయించడానికి ఒక వైద్యురాలికి ఎనిమిదేండ్లు పట్టినది. ఒక కథానాయిక పేరుకు ఒక ముక్క తగిలించడానికి మండలివారికి కొన్ని వారాలు చాలినవి.

ఈ వార్తలన్నీ వరుసగా పెట్టి చూస్తే, పేరుమీద తగవు పడడమే తప్పని చెప్పడానికి వీలులేదు. తగవు ఎవరి మేలుకొరకు నడిచినదన్నదే ప్రశ్న. పరోటా విషయంలో ఖజానా మేలు కొరకు నడిచినది. అది నవ్వుతో పోయినది. జానకి విషయంలో ఎవరికో మనసు నొచ్చునేమోనన్న భయం కొరకు నడిచినది. అది ఒక గొంతును రెండుచోట్ల నొక్కివేసినది. మూడవది రోగంతో పడివున్న బిడ్డ కొరకు నడిచినది. అటువంటి తగవు ఎంత కాలం పట్టినా, ఎన్ని కాగితాలు ఖర్చయినా దండుగ కాదు. కొబ్బరినూనె తీర్పులో చెప్పినట్లు, అమ్మేవాడు సీసాపై వేసిన ముద్రకు తానే కట్టుబడవలెను. ఆ సూత్రాన్ని పన్ను వసూలుకు వాడినంత చురుకుగా పసిబిడ్డల రక్షణకు వాడకపోవడమే విచారించవలసిన సంగతి.

దీనికి బడిలో చేయగల పని కొంత ఉన్నది. నిర్వచనాలు పిల్లలు ఎట్లాగూ కంఠస్థం చేస్తారు. వారానికి ఒక గంట, ఇంట్లో వాడి పారవేసిన పొట్లాలనూ డబ్బాలనూ తరగతికి తెప్పించి, ముందువైపున పెద్ద అక్షరాలలో ఉన్న పేరును, వెనుకవైపున చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల పట్టికను పక్కపక్కన చదివించవచ్చును. పండ్లరసం అన్నదానిలో పండు ఎంత, తేనె బిస్కత్తులో తేనె ఎంత, గోధుమరొట్టెలో గోధుమ ఎంత అని లెక్క కట్టించవచ్చును. అతివ్యాప్తికీ అవ్యాప్తికీ ఇంతకంటె మంచి ఉదాహరణలు ఏ గ్రంథంలోనూ దొరకవు. ఈ విద్య అబ్బిన పిల్లవాడు రేపు న్యాయవాది అయినా, పన్నుల అధికారి అయినా, ధ్రువీకరణ మండలి సభ్యుడైనా, పేరు చూచి మోసపోడు, పేరు విని భయపడడు.

బీరకాయకు మాత్రం ఏ దోషమూ అంటదు. దానిలో నేయి ఉన్నదని అది తన ఒంటిమీద ఎన్నడూ అచ్చువేసుకోలేదు. ఆ పేరు జనం ముద్దుగా పెట్టుకున్నది. లోపల ఏమున్నదో ఆ జనానికి ముందే తెలుసు.